చినామి చెప్పిన ఉపాయం

తెల్ల ఆప్రాన్లు, టోపీలు పెట్టుకున్న పిల్లలు మధ్యాహ్న భోజనం వడ్డిస్తున్నారు. కువహర టీచర్ తన పళ్ళెం అందుకుని బల్ల దగ్గర కూర్చుంది. అన్నం, ముల్లంగి వేసి సోయా ముద్దతో కాచిన మిసో చారు, వేయించిన కానాగంత చేప. అందరూ చేతులు జోడించి తిండికి దణ్ణం పెట్టుకున్నారు.

గిన్నె ఖాళీ కానిదే ఎవరూ లేవకూడదు. అది ఆమె తరగతిలో నియమం. అన్నం దైవమిచ్చినదని నానమ్మ ఆమెకు నేర్పింది. బలవంతాన మింగించమని కూడా దైవం చెప్పిందా అన్న ప్రశ్న మాత్రం ఆమెకు ఈమధ్యే కలిగింది.

వసంతం నుంచి ఆమెకే ముద్ద దిగడం లేదు. పొద్దున బడి గేటు కనిపిస్తే అరచేతులకు చెమటలు పట్టేవి. పిల్లల తల్లిదండ్రుల ఫోన్లు నిద్రలోనూ మోగుతున్నట్టుండేవి. తరగతి వదిలేయమన్నాడు డాక్టరు. ఇవాళే ఆఖరు. సోమవారం నుంచి ఊరి లైబ్రరీ మేడమీద గదిలో, భయంతో బడికి రాలేని పిల్లలతో ఒంటిపూట పని. పిల్లలకు చెప్పవద్దని హెడ్మాస్టరు అన్నాడు.

ఆ గదికి వచ్చేవాళ్ళలో రెంజి ఒకడు. ఒకప్పుడు చేప తినేదాకా వాణ్ణి ఇక్కడే కూర్చోబెట్టింది. ఆ తర్వాత వాడు బడి మానేశాడు.

గది ఊడ్చే వేళయింది. పిల్లలు బల్లలన్నీ వెనక్కి నెట్టారు. వాటి మధ్య, చేపముక్క ముందు పెట్టుకుని, రోజూలాగే చినామి ఒక్కతే మిగిలింది. టీచర్ పళ్ళెమూ నిండుగానే ఉంది.

"ఒరేయ్, టీచర్‌కి కూడా దిగట్లేదురా," అన్నాడు చీపురు పట్టుకున్న కెంగో. "ఇప్పుడు టీచర్‌ని ఎవరు కూర్చోబెడతారో."

"నోర్మూయ్," అంది చినామి. టీచర్ వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "ఫర్లేదు టీచర్. ముక్కు మూసుకుని మింగితే వాసన తెలీదు. నేను రోజూ అలాగే చేస్తా."

కువహర లేచి, అందరూ చూస్తుండగా, తన పళ్ళెంలోదంతా ఎంగిలి బకెట్లో వంచింది. వచ్చి చినామి పళ్ళెం కూడా తీసింది.

"లే తల్లీ. ఇంక చాలు. ఎప్పుడో చెప్పాల్సింది."

"సోమవారం కూడానా, టీచర్?"

"సోమవారం కూడా."

సోమవారం వచ్చే టీచర్ ఏం చేస్తాడో ఆమెకు తెలియదు.

సాయంత్రం స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ ఉపాధ్యాయుల పేర్లు రాసిన చెక్కపలకలు వేలాడుతుంటాయి. బడిలో ఉన్నవాళ్ళ పేరు నల్లక్షరాల్లో, పలక తిప్పి ఇంటికి వెళ్ళినవాళ్ళ పేరు ఎర్రక్షరాల్లో. అలవాటుకొద్దీ తన పలక తిప్పి వెళ్ళిపోయింది. దాన్ని తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు. కొత్త టీచర్ పలక పక్కన, ఆ చలికాలమంతా, కువహర పేరు ఎర్రగా వేలాడుతూనే ఉంది.