ఎర్ర చుక్క మీద వేలు

నలుగురు కూర్చున్న బల్ల దగ్గర ముందుగా ఎవరిని అడగాలో బామ్మర్దికి బాగా తెలుసు. మెనూలో వంటకాల పేర్లు వదిలేసి, పేర్ల పక్కనున్న రంగు చుక్కలు చూసే మనిషిని అడగాలి. ఆ మధ్యాహ్నం మొదటి బల్ల దగ్గర అలాంటి మనిషి కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి. నీళ్ల గ్లాసులు సర్ది, భుజం మీది తువ్వాలు సవరించుకుని, ఆమె వైపు కాస్త వంగాడు.

"మీకేం తెమ్మంటారండీ?"

"కాయగూరల పప్పు. ఆకుపచ్చ చుక్కే కదా?"

"ఆకుపచ్చేనండీ."

ఇక మిగతావాళ్ల సంగతి చూసుకోనక్కర్లేదు. మందలో ఒకటి గట్టు దూకితే మిగతావీ దూకుతాయి. ఇద్దరు పప్పే అన్నారు. నాలుగో అతను, బొద్దుగా ఉన్నవాడు, మెనూ మీద బొటనవేలు పెట్టి చుక్కను దాచేసి, మందుల షాపులో చెప్పుకోలేని మందు అడిగినట్టు గొంతు తగ్గించి, "నాకు నిదానపు మాంసం," అన్నాడు.

బామ్మర్ది వెంటనే రాసుకోలేదు. చిన్నగా దగ్గాడు. చూపుడు వేలు మెనూకి ఆనించి, "ఇదేనాండీ?" అన్నాడు. బొద్దు మనిషి బొటనవేలు పక్కకు జరిగింది. కింద ఎర్ర చుక్క బయటపడింది. మిగతా ముగ్గురూ చూశారు.

"పోనీ, నాకూ పప్పే ఇవ్వండి."

"మంచిదండీ," అన్నాడు బామ్మర్ది. ఆ మాట అంటున్నప్పుడు అతని ఛాతీ కొంచెం ముందుకొచ్చింది.

అందరూ అతన్ని బామ్మర్ది అనే పిలుస్తారు. చదువు అబ్బక, ఇంట్లో తిట్లు పడలేక అక్క ఇంటికి చేరినప్పుడు, బావ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, తను మాంసం వండే ఈ హోటల్లోనే పెట్టాడు. "మా బామ్మర్దండీ," అని పరిచయం చేశాడు. అదే పేరై కూర్చుంది. గిన్నెలు తోమేవాళ్లూ బామ్మర్దే అన్నారు, కూరగాయలు తెచ్చే ముసలాయనా బామ్మర్దే అన్నాడు. ఊరందరికీ బామ్మర్దే గానీ సొంతంగా పెళ్లీ పెటాకులూ లేవు. అక్కా బావల ఇంటి వెనక గదిలో ఉంటాడు. గిన్నెలు తోమాడు, బల్లలు తుడిచాడు, తర్వాత సర్వరయ్యాడు. వేలమందికి వడ్డించాడు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అతని చేతిలోని పళ్లెం చూసేవారే తప్ప మొహం చూసేవారు కాదు.

చుక్కలొచ్చాక చూస్తున్నారు.

చుక్కలు పెట్టించింది యజమానురాలు. పాత యజమాని కూతురు ఆమె; చదువుకున్న మనిషి, గొంతు పెంచదు. ఏ వంటకం వల్ల భూమి మీద ఎంత భారం పడుతుందో, ఎంత నీరు, ఎంత మేత, ఎంత పొగ దాని వెనక ఉన్నాయో లెక్క కట్టించి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు వేయించింది. మొదటిరోజే అందరినీ పిలిచి, "ఎవరికీ ఏమీ చెప్పొద్దు. చుక్క దాని మాట అది చెబుతుంది. తినేది వాళ్ల ఇష్టం," అంది.

మాంసానికి ఎరుపు పడిందని తెలిసి బావేమీ కోపగించుకోలేదు. మెనూ తెప్పించుకుని, దూరంగా పట్టుకుని చూసి, "ఉన్నమాటేగా. జీవాన్ని పెంచడమంటే మాటలా," అన్నాడు. మర్నాడూ ఎప్పటిలాగే పొద్దున్నే వచ్చి, ఎముకలు అడుగున పేర్చి, సన్నసెగ మీద నిదానపు మాంసం గిన్నె పెట్టాడు. ఒంటరిగా వచ్చినవాళ్లు చుక్క చూసి కూడా మాంసమే అడిగారు. నలుగురితో వచ్చినవాళ్లు తటపటాయించారు. ఆ తటపటాయింపు బామ్మర్ది కంట పడింది. ఎక్కడ దగ్గాలో, ఎక్కడ వేలు ఆనించాలో ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. అతని బల్లల దగ్గర ఎరుపు అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఎలా తగ్గిపోయారో తెలియని యజమానురాలు, "మీ దగ్గర ఆకుపచ్చ బాగా పోతోందండీ," అని అందరి ముందూ మెచ్చుకుంది. 'అండీ' అంది. ఆ రాత్రి బామ్మర్దికి నిద్ర పట్టలేదు.

బావ గిన్నె చిన్నదైంది. ఆ తర్వాత ఇంకా చిన్నదైంది. అది కూడా బామ్మర్ది కంట పడింది. చూడనట్టు ఊరుకున్నాడు.

మొదటి బల్ల నలుగురూ లేచాక వంటింటి కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకావిడ పెద్దది, స్వెట్టరు రెండు సైజులు ఎక్కువైనట్టు వేలాడుతోంది. కుర్చీలో కూర్చోబెట్టి వీపు వెనక తన చేతిసంచీ ఆసరా పెట్టినావిడ కూతురు. పెద్దావిడ మెనూ ముట్టుకోనేలేదు.

"ఇక్కడ మాంసం నిదానంగా వండేవారు. ఎముక నుంచి ఊడొచ్చేది. ఇంకా ఉందా బాబూ?"

వంటింటి కిటికీలో బావ తల ఇటు తిరిగింది. గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది.

"అమ్మకి అదొక్కటీ. నాకు పప్పు," అంది కూతురు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ఆకుపచ్చ చుక్క భోజనం చేస్తూ ఇటే చూస్తున్నారు. బామ్మర్ది ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆగేవాడేమో. గొంతు దానంతటదే దగ్గింది. వేలు దానంతటదే వెళ్లి ఎర్ర చుక్క మీద ఆనింది.

"ఇదేనాండీ?"

కూతురు చుక్క చూసింది, పక్క బల్ల చూసింది. చెవుల దాకా ఎర్రబడింది. "అమ్మా, మరి..." అని ఆగిపోయింది.

"పప్పు చాల్లేవే. ఏదైతేనేం," అంది పెద్దావిడ.

బామ్మర్ది కిటికీ దగ్గరికి వెళ్లి, "రెండు పప్పు," అన్నాడు. బావ చేతిలో అప్పటికే పళ్లెం ఉంది. ముక్కలు పేర్చి, పైన చిక్కటి రసం పోసి, అంచుకి అంటిన చుక్కను వేలితో తుడుస్తున్నాడు.

"వద్దన్నారా, వద్దనిపించావా?"

"వాళ్లే వద్దన్నారు బావా."

బావ అతని మొహంలోకి చూశాడు. తిట్టినా బాగుండేది. పళ్లెంలోది నెమ్మదిగా గిన్నెలోకి వంచేసి మూత పెట్టాడు.

పెద్దావిడ రెండు చెంచాలు తిని పళ్లెం పక్కకు నెట్టింది. కూతురు బతిమాలింది. "సయించట్లేదే" అంది ఆవిడ. వెళ్లేముందు కూతురు తలుపు దగ్గర గొడుగు విప్పుతుంటే, ఆవిడ బల్ల అంచు పట్టుకుని లేచి, పళ్లెం తీయడానికొచ్చిన బామ్మర్ది చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎండుపుల్లలా ఉంది.

"ఏమనుకోకు బాబూ, అంతా వదిలేశాను. జబ్బు పడ్డాక ఇన్నాళ్లకి ఒకటి తినాలనిపించింది. ఈ వయసులో అలాంటివి అడక్కూడదు. నలుగురిలో అమ్మాయికి తలవంపులు తెచ్చాను."

'లేదమ్మా, మీదేం తప్పు లేదు' అందామనుకుని, పళ్లెం అందుకున్నాడు. ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని వానలోకి వెళ్లిపోయింది.

పళ్లెం నిండా పప్పు. ఆకుపచ్చ చుక్క పప్పు. తీసుకెళ్లి చెత్తబుట్టలో వంచాడు. తల కొట్టేసినట్టయింది. భూమి భారం తగ్గించడానికి కాదు తను ఈ వేలు ఆడించింది, ఎవరో ఒకరు తన ముందు కాసేపు తల దించుకుంటారని. అది తనకి ముందే తెలుసు. తెలిసినా ఇన్నాళ్లూ తెలియనట్టు తిరిగాడు.

రద్దీ తగ్గి పనివాళ్లు భోంచేసే వేళ బామ్మర్ది వెళ్లి బావ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి ఉప్పు అడిగాడు. రెండోసారి, "అక్క మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?" అన్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ అడగాల్సిన ప్రశ్న కాదది.

"పొద్దున నువ్వేగా తైలం రాశావు," అన్నాడు బావ. లేచి చేతులు కడుక్కున్నాడు.

తేలు కుట్టిన దొంగలా అక్కడే కూర్చుండిపోయాడు బామ్మర్ది.

సాయంత్రం దీపాలు వేసే వేళకి తడిసిన కోటుతో ఒకాయన ఒంటరిగా వచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. మెనూ తెరిచాడు, మూశాడు, అటూ ఇటూ చూశాడు.

"నిదానపు మాంసం... అంటే, మరీ తప్పు కాకపోతేనే," అన్నాడు.

"తప్పేముందండీ. వేడివేడిగా తెస్తాను," అన్నాడు బామ్మర్ది. దగ్గలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అడుగు పెద్దగా వేసి కిటికీ దగ్గరికి వెళ్లి, హాలంతా వినబడేలా అరిచాడు. "బావా! ఒక నిదానపు మాంసం!"

కిటికీలోకి పప్పు వండే ఆవిడ వచ్చింది.

"మాంసం లేదు. గిన్నె కడిగేశారు."

"ఎవరు?"

"మీ బావగారే. వెళ్లిపోయారుగా."

"ఇంటికా? ఇంత పెందలాడేనా?"

"ఇక రారట. అమ్మగారితో చెప్పేసి వెళ్లారు. ఆవిడ ఉండమనే అంది పాపం, పప్పు పొయ్యి దగ్గరైనా ఉండమంది. వద్దన్నారు." ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "నీకు చెప్పలేదా?"

బామ్మర్ది తలూపాడు. అవుననో కాదనో ఆవిడకీ అర్థం కాలేదు. వెనక్కి తిరిగి మూల బల్ల దగ్గరికి వెళ్లి, అయిపోయిందని చెప్పాడు. కోటు మనిషి ఊపిరి పీల్చుకున్నాడు. "పోన్లెండి, మంచిదే అయింది. పప్పు ఇవ్వండి."

పప్పు ఇచ్చాడు. ఆయన తిన్నాడు, బాగుందన్నాడు, వెళ్లాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లకీ వడ్డించాడు. అక్క తలుపు తీసి ఏమడుగుతుందో, తను ఏం చెప్తాడో తెలియలేదు. బల్లలన్నీ తుడిచాక, ఇంటికి వెళ్లడానికి మొహం చెల్లక, వంటింట్లోకి వెళ్లాడు. బావ పొయ్యి చల్లారిపోయింది. గిన్నె బోర్లించి ఉంది. గోడ మేకుకి బావ మసిగుడ్డ వేలాడుతోంది. ఇన్నేళ్లలో ఆ గుడ్డని నల్లగా తప్ప చూడలేదు. బావ దాన్ని సబ్బు పెట్టి ఉతికి, పిండి, ముడతలు లాగి ఆరేసి వెళ్లాడు. మసి వదిలిన చోట నీలం గళ్లు బయటపడ్డాయి. అక్క ఇంటికి వచ్చిన కొత్తలో, చలికి వణుకుతున్న తనకి బావ తెచ్చి కప్పిన దుప్పటి గళ్లవి. అది పాతబడ్డాక చించిన ముక్క ఇది. కొస ఇంకా తడిగానే ఉంది.