మోర్చా, మూర్ఛ

"ఖాళీగనే ఉన్నవ్ గదా, ఆ కండెలు చుట్టరాదు?" అన్నాడు మా ఆయన.

సమ్మె మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి అన్న మాట ఇది. అప్పటికి నేను కార్ఖానా తాళాలు తీశాను, ఊడ్చాను, అత్తమ్మకు చాయ్, మామకు షుగర్ గోలీలు ఇచ్చాను, బిడ్డకు డబ్బా కట్టాను, పది జొన్న రొట్టెలు కాల్చాను. ఆ తర్వాత ఉల్లిగడ్డలు కోద్దామని పీట మీద కూర్చున్నాను. మా ఆయన దత్తు కంట్లో పడింది ఆ కూర్చోవడం ఒక్కటే. ఇరవై ఒక్క ఏండ్ల కాపురంలో నేను నిలబడి ఉన్నప్పుడు ఆయన నన్ను చూసినట్టు గుర్తు లేదు, కూర్చున్నప్పుడు మాత్రం తప్పకుండా చూస్తాడు.

మాది భివండిలో శాంతి నగర్. కింద ఎనిమిది సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానా, పైన మేం. మా మామ గాలయ్య సిరిసిల్ల దిక్కు నుంచి ఒక్క సంచితో వచ్చి, పదిహేనేండ్లు పరాయి సాంచాల మీద నేసి, చివరికి సేఠ్ అయ్యాడు. నేను పక్క గల్లీలో అంగన్‌వాడీ ఆయాను. పిల్లలకు కిచిడీ వండుతాను, ముక్కులు తుడుస్తాను, బరువు తూచి మా టీచరమ్మకు చెప్తాను. ఆమె మరాఠీ మనిషి, వయసులో నాకంటే పెద్దది, గల్లీ అంతా తాయి అనే పిలుస్తుంది. మాకు ఇచ్చేదాన్ని సర్కారు జీతం అనదు, పగార్ అనదు, మానధన్ అంటుంది. మానం అంటే గౌరవం అని తాయి నాకు అర్థం చెప్పింది. మమ్మల్ని పనివాళ్లు అనండి, మాకిచ్చేదాన్ని పగార్ అనండి అని రాష్ట్రంలోని అంగన్‌వాడీ ఆడవాళ్లంతా పని ఆపి ముంబయి మైదానంలో కూర్చున్నారు. తాయి మొదటి రోజే పోయింది. "నువ్వు?" అని అడిగింది. "ఇంట్లో కుదరదు తాయీ" అన్నాను. ఆమె రెండోసారి అడగలేదు.

అట్లా నేను సమ్మెలో ఉన్నాను, మైదానంలో లేను. ఇంట్లో ఉన్నాను కాబట్టి కండెల మిషన్ ముందుకు వచ్చాను. కండె అంటే సాంచా మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే చిన్న పుల్ల, దాని మీద నూలు చుట్టాలి. సాంచా దాన్ని తింటూనే ఉంటుంది, చుట్టే మనిషి లేవడానికి ఉండదు. పదకొండేండ్లుగా ఆ పని చంద్రవ్వది. మొదటి రోజు సాయంత్రమే మా ఆయన ఆమెతో రేపటి నుంచి రావద్దన్నాడు. "ఇంట్ల మనిషి ఖాళీగ ఉండంగ బయటి మనిషెందుకు?" అన్నాడు. అంటే సమ్మె చేసింది నేను, పని పోయింది చంద్రవ్వకు, పని పెరిగింది మళ్లీ నాకే. ఇట్లాంటి సమ్మె ఈ దేశంలో ఇంకెవరైనా చేశారో లేదో నాకు తెలియదు. ఆ రోజు నేను నోరెత్తలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

రోజూ మధ్యాహ్నం అన్నాల దగ్గర టీవీలో మైదానం కనిపించేది. ఎర్రటి ఎండలో వేలమంది ఆడవాళ్లు, కొంగులు నెత్తి మీద కప్పుకుని. మా అత్త కనకవ్వ నోట్లో ముద్ద పెట్టుకుంటూ, "వీళ్ల ఇండ్లల్ల పొయ్యి ఎవరు ముట్టిస్తుండ్రే? మొగోళ్లు అడగరా?" అనేది. మా ఆయనకు ఇంకో బాధ. ముంబయి బట్టబజారుకు పోయే మన టెంపో వీళ్ల వల్ల మూడు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుందట. "పని లేదు, పాట లేదు. పిక్నిక్‌కు వచ్చినట్టు వచ్చిండ్రు" అన్నాడు. మామ అన్నిటికీ ఒకే మాట, "మనం బతకొచ్చినోళ్లం. ఈడి లొల్లి మనకొద్దు." నలభై ఏండ్లు ఈ ఊరి నీళ్లు తాగి, ఇక్కడే ఓట్లు వేసి, ఇక్కడే మనవరాలిని ఎత్తుకుని, ఇంకా బతకొచ్చినవాళ్లమే. మా బిడ్డ రూపాలి మాత్రం ఒకరోజు కంచం పక్కన పెట్టి, సగం మరాఠీలో, "మమ్మీ, బఘ్ నా, ఎంత ఎండ కొడుతుందో. పాణీ సుద్ధా లేదు వాళ్లకు" అంది. "వాళ్లు పాయఖానాకు ఎక్కడికి పోతారో ఏమో" అన్నాను నేను.

ఆ మాట అన్నాక కండెల మిషన్ ముందు కూర్చుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. వాళ్లు అన్నాను. మేము అనాలి కదా. నాతో కలిసి కిచిడీ గంజు దించిన చేతులవి, వాన నీళ్లు లోపలికి వస్తే నాతో కలిసి ఎత్తిపోసిన మనుషులు. నేనేమో మా అత్త పక్కన కూర్చుని, మా అత్త కళ్లతోనే వాళ్లను చూస్తున్నాను. మా ఆయన మీద కోపం వస్తే ఏదో ఒక గిన్నె మీద చూపిస్తాను. నా మీద నాకు వచ్చిన కోపం దేని మీద చూపించాలో తెలియక ఆ పూట నూలు మూడుసార్లు తెంపుకున్నాను.

మా ఇంట్లో మోర్చా అన్న మాట వస్తే చాలు, అందరూ నా దిక్కు చూసి నవ్వుతారు. దానికొక కథ ఉంది. నేను కొత్త కోడలిగా వచ్చి నాలుగు నెలలు. హిందీ రాదు, మరాఠీ రాదు. ఒక పొద్దున గల్లీలో ఎవరో "మోర్చా ఆయా, మోర్చా ఆయా" అని అరుచుకుంటూ ఉరికారు. నాకు మూర్ఛ అని వినబడింది. మా ఊళ్లో ఎవరికైనా మూర్ఛ వస్తే ముందు ఇనుము చేతిలో పెడతారు. మేకుకు తగిలించిన తాళాల గుత్తి లాక్కుని మెట్లు దిగి ఉరికాను. మోరీ గట్టు మీద ఒక బక్క మనిషి కూలబడి ఉన్నాడు, ముఖమంతా చెమట. ఆయన పిడికిలి విప్పి, గుత్తి పెట్టి, వేళ్లు మూసి, "గట్టిగ పట్టుకో అన్నా, తగ్గుతది" అన్నాను. తలెత్తి చూస్తే గల్లీ నిండా జనం, చేతుల్లో ఎర్ర జెండాలు. కూలి పెంచమని సాంచాల వాళ్లు సేఠ్‌ల మీదికి తీసిన ఊరేగింపు అది. నేను మా మామ కార్ఖానా తాళాలు తీసుకుపోయి మా మామ మీదికి వచ్చిన మోర్చా చేతుల్లో పెట్టాను. ఆ మనిషి నన్నూ గుత్తినీ చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు.

ఆ రోజు మామ అరిచిన అరుపులు నాలుగు ఇండ్ల దాకా వినబడ్డాయి. వారం తర్వాత అది నవ్వులాట అయింది. చుట్టాలు వస్తే చెప్పేవారు, పెండ్లిళ్లలో చెప్పేవారు. నాకు మూర్ఛపిల్ల అని పేరు పెట్టారు. నాకు జ్వరం వచ్చినా, నేను ఏడ్చినా, నోరు తెరిచి ఒక్క మాట అడిగినా, మా ఆయన గొంతు సన్నగా చేసి "గట్టిగ పట్టుకో అన్నా, తగ్గుతది" అనేవాడు. నవ్వని కోడలు బాగుండదు కాబట్టి నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ గుత్తి నా నడుముకే ఉంటుంది. పొద్దున ఆరింటికి కార్ఖానా తీయడం, రాత్రి వేయడం నా పనే. ఏ తాళానికి ఏ చెవో మా ఆయనకు తెలియదు.

పదహారో రోజు చంద్రవ్వ వచ్చింది. కండెల మూల ఆమె పరుచుకునే గోనెపట్టా మరిచిపోయిందట, దానికోసం వచ్చింది. నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. ముఖం ఎత్తలేకపోయాను.

"నా తోని నీ పని పోయింది చంద్రవ్వా" అన్నాను.

"నీ తోని ఏం పాయె కళమ్మా. నీకు సమ్మెల ఉన్నా సుట్టీ లేదు, నాకు సమ్మె లేకున్నా సుట్టీ దొరికింది" అని నవ్వింది. తర్వాత ఆమే అంది, "మా ఆయన అడుగుతుండు, కళమ్మ పోలేదా ముంబైకి అని."

ఆమె పెనిమిటి రాములు. గైబీ నగర్‌లో ఒక్క గదిలో, నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై మంచాన ఉన్నాడు. ఆనాడు నేను గుత్తి పెట్టింది ఆయన చేతిలోనే. ఆ సంగతి నాకు తెలుసు, ఎప్పుడూ మేం మాట్లాడుకోలేదు.

"నవ్వుకుంటడా, నన్ను తలుచుకుని?" అని అడిగాను.

"ఎందుకు నవ్వుతడు? ఆ దినం పైకెల్లి మస్తుమంది సూసిండ్రట. సేఠ్‌లు సూసిండ్రు, వాళ్ల ఆడోళ్లు సూసిండ్రు, ఫొటోలు తీసిండ్రు. ఈ మనిషికి ఏమైందో అని కిందికి దిగి వచ్చింది నువ్వొక్కదానివేనట. ఎన్నిసార్లు చెప్తడో." గోనెపట్టా కోసం చెయ్యి చాపింది. నేను లేచి ఇచ్చాను. ఆమె దుమ్ము దులిపి మడత పెట్టుకుని పోయింది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలు ఒక్కసారిగా ఆగాయి. మా ఇంట్లో మనుషుల గొంతులు సరిగ్గా వినబడేది కరెంటు పోయినప్పుడే. అన్నం గంజుతో వచ్చేసరికి మా ఆయన ఫోన్ పట్టుకుని నవ్వుతున్నాడు. కులపోళ్ల గ్రూప్‌లో ఎవరో వీడియో పంపారట, కింద 'డ్రామా క్వీన్స్' అని రాసి.

"అగో, సూడు సూడు! మోర్చాల నిజంగనే మూర్ఛ వచ్చింది ఎవలికో! ఏయ్ మూర్ఛపిల్లా, ఉరుకు, తాళాలు పట్టుకొని ఉరుకు!"

మామ నవ్వాడు. అత్తకు నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. నేను అలవాటుగా నవ్వబోయి ఫోన్‌లోకి చూశాను. కింద మట్టిలో వెల్లకిలా పడి ఉన్నది తాయి. ఆమెకు షుగర్ ఉంది, ఆకలికి ఆగలేదు. అందుకే పదకొండింటికి నేను ఆమె చేతిలో రెండు బిస్కెట్లు పెడతాను, తొమ్మిదేండ్లుగా పెడుతున్నాను. చుట్టూ ఆడవాళ్లు కొంగులతో విసురుతున్నారు. చప్పట్లు వినబడుతున్నాయి, నినాదాలు వినబడుతున్నాయి, వీడియో తీసేవాడి నవ్వు కూడా వినబడుతోంది. ఎవడో మైదానం బయట, ఫ్లైఓవర్ మీద నిలబడి తీశాడు. తాయి కుడిచెయ్యి తెరిచి ఉంది. అందులో ఏమీ లేదు.

"ఈమె మా తాయి" అన్నాను.

"అయితే ఏంది? ఎవలు పొమ్మన్నరు? ఇంట్ల ఉంటే పడునా?" అన్నాడు మా ఆయన. "అన్నం పెట్టు."

అన్నం పెట్టాను. పచ్చిపులుసు పోశాను. గంజు కడిగి, చేతులు తుడుచుకుని, తాయికి ఫోన్ చేస్తే ఆమె కూతురు ఎత్తింది. సెలైన్ పెట్టారట, లేచి కూర్చుందట, రాత్రికి ఇంటికి పదమంటే రానంటోందట, మళ్లీ మైదానానికే పోతానంటోందట. రెండో ఫోన్ చంద్రవ్వకు చేశాను.

మరునాడు పొద్దున ఆరింటికి కార్ఖానా తాళం తీయలేదు. స్నానం చేసి, అంగన్‌వాడీకి కట్టుకునే చీరనే కట్టుకున్నాను. ఒక సంచిలో రెండు బిస్కెట్ ప్యాకెట్లు, నీళ్ల సీసా, ఇంకో చీర పెట్టాను. రూపాలి నిద్రలేచి నా చీర చూసి, సంచి చూసి, తన టోపీ తెచ్చి సంచిలో వేసింది. మెట్లు దిగుతుంటే మా ఆయన పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని కార్ఖానా తలుపు ముందు నిలబడి ఉన్నాడు. సాంచాల వాళ్లు నలుగురు గోడ పక్కన కూర్చుని తలుపు తీస్తారని చూస్తున్నారు.

"యాడికి?" అన్నాడు.

"కళ్యాణ్ పోయి లోకల్ ఎక్కుత. మోర్చాకు పోతున్న."

"పాగల్ అయినవా? కండెలు ఎవరు చుడుతరు?"

తాయికి ఎట్లా ఉందని అడగలేదు. రాత్రికి వస్తావా అని కూడా అడగలేదు. నేను లేకపోతే ఈ ఇంట్లో ఆగిపోయేది ఏదో ఆయనకు సరిగ్గా తెలుసు. ఇన్నేండ్లు ఆయనకు తెలియదనే అనుకున్నాను.

"చంద్రవ్వ ఏడింటికి వస్తది. రేపు గూడ వస్తది, ఎల్లుండి గూడ. కండెలు ఆమె పని. నేను ఇంక చుట్టను."

"నన్ను అడగకుండనా? వీళ్లందరి ముంగటనా?" ఆయన గొంతు లేచింది. ముఖం ఎర్రబడింది, పెదవి అదిరింది, నా మీదికి చాపిన చెయ్యి వణుకుతోంది. గోడ పక్కనున్న నలుగురూ లేచి నిలబడ్డారు. పైన కిటికీలోంచి అత్తమ్మ చూస్తోంది, ఎదురింటి వాళ్లు బాల్కనీలోకి వచ్చి చూస్తున్నారు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు ఈ చేతికి ఎంత భయపడేదాన్నో గుర్తొచ్చింది. భయం ఇప్పుడూ ఉంది, లేదని అబద్ధం చెప్పను.

నడుము నుంచి గుత్తి తీశాను. వణుకుతున్న ఆ చెయ్యి పట్టుకుని, అరచేతిలో తాళాలు పెట్టి, ఒక్కొక్క వేలూ మూశాను.

"గట్టిగ పట్టుకో" అన్నాను. "తగ్గుతది."