శొంఠిబిళ్ళల కడాయి

నేను ఒక కేసులో పట్టుబడ్డ కడాయిని. ఇత్తడిదాన్ని. ఇప్పుడు నేనున్న గదిలో నల్లబడ్డ క్యాన్లు, మూతులు పగిలిన కుండలు, చక్రం లేని సైకిలు ఉన్నాయి. వాటి సంగతి నాకు తెలియదు. నా సంగతి చెబుతాను.

నన్ను చేసింది ఒక కంచరి. పాత బిందెలు, సొట్టపోయిన చెంబులు కరిగించి, సుత్తెతో సాగగొట్టి గుండ్రంగా తెచ్చాడు. అడుగు మందంగా ఉంచాడు. రెండు చెవులు తగిలించి, లోపల కళాయి పూశాడు. సంతలో నన్ను వేలి కణుపుతో కొట్టి చూడనివాళ్ళు లేరు. మనుషులకు అది అలవాటు. కుండను కొట్టి చూస్తారు, కడాయిని కొట్టి చూస్తారు. పిల్లనిచ్చేటప్పుడు మాత్రం పిల్లవాణ్ణి కొట్టి చూడరు.

సాయవ్వ నన్ను మెచ్చి కొన్నది. ఆమెది ఆదిలాబాదు అడవుల పక్క ఊరు. కొన్నాళ్ళు గారెలు వండాను, కొన్నాళ్ళు అటుకుల చుడువా వేయించాను. ఆ తర్వాత ఆమె మొగుడు ఆశన్న కన్ను నా మీద పడింది. అడుగు గుండ్రం, ఇత్తడి మంచిది, అతనికి ఇంకేం కావాలి? పులిసిన నల్లబెల్లం ఊట ఉన్న కుండ మీద నన్ను కూర్చోబెట్టి, నా నిండా చన్నీళ్ళు పోశాడు. కింది ఆవిరి నా అడుగుకు తగిలి చల్లబడి బొట్టు బొట్టుగా దిగేది. దాన్నే గుడుంబా అంటారు. ఊరి పెద్దలు పగలంతా ఆశన్నను తిట్టేవాళ్ళు. పొద్దుగూకినాక అతని వాకిట్లో నిలబడి మెత్తగా దగ్గేవాళ్ళు.

ఒకరోజు ఎక్సైజు వాళ్ళు వచ్చి కుండలన్నీ పగలగొట్టారు. అప్పుడు నేను బర్రె ముందర కుడితి కడాయినై ఉన్నాను. నా వంక ఎవరూ చూడలేదు. ఆశన్నను తహసీల్దారు ముందు నిలబెట్టారు. ఇక ఈ పని చేయనని ఒప్పుకొని వచ్చాడు. దాన్ని బైండోవర్ అంటారు. మళ్ళీ దొరికితే నేరుగా జైలే. ఆశన్న మాట తప్పలేదు. ఊరి మేకలు కాయడానికి పోతున్నాడు. తాగడం కూడా మానుకున్నాడు. ముందే తక్కువ మాట్లాడే మనిషి, ఇంకా తక్కువ మాట్లాడేవాడయ్యాడు.

సాయవ్వ నన్ను చింతపండుతో తోమి, కొత్తగా కళాయి పోయించి, తన పనికి తీసుకున్నది. ఆ పని శొంఠిబిళ్ళలు.

మా దిక్కు చలి మంచిది కాదు. తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. ఏ ఇంట్లో చూసినా దగ్గు. అందుకని చలి పడగానే వాడకట్టు ఆడవాళ్ళు తలా ఇంత తెచ్చి సాయవ్వ వాకిట్లో పెడతారు. ఒకరు మిరియాలు, ఒకరు శొంఠి, ఒకరు పిప్పళ్ళు, ఇంకొకరు వాము, ఎండిన తులసి. బెల్లం మాత్రం సాయవ్వది. బిళ్ళలయ్యాక ఎవరి పాలు వాళ్ళు కొంగున కట్టుకొని పోతారు. ఒక కట్టుబాటు ఉంది. పాకం మీద ఉన్న మనిషిని పిలవకూడదు, లేపకూడదు. ఇల్లు కూలినా ఆమె చేతిలోని గంటె ఆగకూడదు.

బెల్లం నల్లదే కావాలి. అంగట్లో దొరికే పచ్చటి బెల్లం నురగ కక్కుతుంది, బిళ్ళ కట్టదు. నల్లబెల్లం పశువుల దాణాకని అమ్ముతారు. అయితే సారాకూ అదే పనికొస్తుంది కాబట్టి, కొన్నది ఎవరో ఎక్సైజు వాళ్ళు ఓ కన్నేసి ఉంచుతారు. అందుకే సాయవ్వ ఏటా పక్కింటి భూదవ్వతో తెప్పించేది. ఈసారి సాయవ్వకే దగ్గు పట్టింది. ఎముకలు కదిలే దగ్గు. అది చూడలేక ఆశన్న ఎవరికీ చెప్పకుండా సంతకు పోయి, నల్లబెల్లం తానే కొని, భుజాన పెట్టుకొని, ఊరి నడుమ నుంచి నడిచి వచ్చాడు. తప్పు చేయనివాడికి దాచే పని ఏముందని అతని లెక్క. లోకం లెక్క వేరే ఉంటుంది.

"వదినె, నీ మొగడు గా మూట మోసుకొస్తుంటె పెండ్లికొడుకు నడిచినట్టే నడిచిండు," అని భూదవ్వ నవ్వింది.

సాయవ్వ నవ్వలేదు. మూట వంక చూసి, మొగుడి వంక చూసింది.

"నిన్నెవరు పొమ్మన్నరు?"

"నీకు దగ్గు లేస్తుంది గదా," అన్నాడు ఆశన్న.

మరునాడు పొద్దున నన్ను పొయ్యి మీదికి ఎక్కించారు. బెల్లం కరిగింది. బట్టలో వడగట్టి, మట్టి తీసేసి, మళ్ళీ నాలో పోశారు. చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు. దంచిన పొడి చాటలో ఉంది. అది ఆఖరున పడాలి. ముందే పడితే మాడి చేదెక్కుతుంది, పాకమూ ముదరదు. పాకం ఉడుకుతూ పెద్ద పెద్ద బుడగలు వేస్తోంది. వాకిలంతా నల్లబెల్లం వాసన.

ఆ వాసనలోకే జీపు వచ్చి ఆగింది.

దిగింది ఇద్దరు. ఒకరు ఎక్సైజు ఎస్సై, వయసులో చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. రెండోవాడు కానిస్టేబులు గంగాధర్. కుండలు పగలగొట్టిన నాడు కూడా వచ్చినవాడే. ఆడవాళ్ళు లేచి గోడకు ఆనుకున్నారు. సాయవ్వ లేవలేదు. గంటె తిప్పుతూనే ఉంది.

"ఆశన్న ఎవరు?" అని ఎస్సై అడిగాడు.

ఆశన్న మేకల దడి దగ్గర నిలబడ్డాడు. దడి అవతల చేను, చేను అవతల అడవి. కాళ్ళు అటు తిరిగి ఉన్నాయి. సాయవ్వ తల ఎత్తి ఒక్కసారి చూసింది. ఆ చూపుకు అతని కాళ్ళు ఇటు తిరిగాయి. పరుగెత్తితే ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు.

"నేనే సారు."

"బైండోవర్ల ఉన్నవు గదా. నల్లబెల్లం కొన్నవట. ఇగ ఉడకవెట్టుడు గూడ షురూ జేసినవా?"

"శొంఠిబిళ్ళలు సారు," అన్నది భూదవ్వ. "దగ్గుకు."

ఎస్సై నాలోకి వంగి చూశాడు. నల్లటి పాకం. బిళ్ళ ఒక్కటీ లేదు. "ఈ ఇంట్ల బిళ్ళలా? మంచిగ చెప్తున్నరు. ఏమమ్మా, మంట ఆర్పు."

"ఆర్పరాదు సారు," అన్నది సాయవ్వ. గొంతు బొంగురుపోయి ఉంది. "ఇప్పుడు ఆర్పితే గిది ఉత్త బెల్లం నీళ్ళే. మీకు గదే గావాలె. జర ఆగితే బిళ్ళలైతయి."

ఆమె అన్నది నిజం. నాకు ఆ నిజం అడుగు దాకా తెలుసు. ఆ ఘడియకు నాలో ఉన్నది దగ్గుమందూ కాదు, సారా కూడా కాదు. మంట ఆరితే ఆశన్న జైలుకు. మంట ఇంకొంచెం ఉంటే ఇంటికి.

"ఎంతసేపు?"

"పాకం చెప్తది."

పక్కన గిన్నెలో చన్నీళ్ళున్నాయి. సాయవ్వ గంటెతో ఒక బొట్టు అందులో విడిచింది. బొట్టు మసకగా పరుచుకొని కరిగిపోయింది.

"చూసినవా?" అన్నాడు ఎస్సై.

"ఇంక కాలె సారు."

"అయితే పొడి గిప్పుడే వెయ్యి. వేస్తే నమ్ముత."

"గిప్పుడేస్తే ఖరాబైతది."

"నన్ను పిచ్చోణ్ణి జేస్తున్నవా?"

గంగాధర్ మెల్లగా అన్నాడు, "సారు, మా అవ్వ గూడ గిట్లనే..."

"నిన్ను అడిగిన్నా?"

గంగాధర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. సాయవ్వకు దగ్గు తెర వచ్చింది. ఆపుకుంటోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. గంటె మాత్రం తిరుగుతోంది. రెండో బొట్టు విడిచింది. అది కరగలేదు. అడుగున మెత్తగా ముద్ద కట్టింది. ఆమె వేళ్ళతో తీసి నొక్కితే సాగింది. ఇంకా కాలేదు.

ఎస్సైకి ఓపిక అయిపోయింది. ఇంతసేపు తనను ఆపుతున్నారంటే వెనక ఇంకేదో దాస్తున్నారనుకున్నాడు. అది అతని తప్పని నేననను. అతను చూసిన ఇళ్ళన్నింటిలో అలాగే జరిగి ఉంటుంది. లాఠీ తీసి నా చెవి కింద పెట్టి ఎత్తాడు. నేను పొయ్యి రాళ్ళ మీద వాలాను. పాకం అంచు దాకా వచ్చింది.

అప్పుడు ఆశన్న వచ్చాడు. ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. వచ్చి నా చెవులు రెండూ రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను పొద్దుటి నుంచి మంట మీద ఉన్నాను. నా చెవులు ఎంత కాలి ఉన్నాయో నాకు తెలుసు. అతని చేతులు చుయ్యిమన్నాయి. ఆడవాళ్ళు "అయ్యో" అని అరిచారు. ఆశన్న అరవలేదు. నన్ను సమంగా నిలబెట్టి, అట్లాగే పట్టుకొని ఉన్నాడు.

"ఇడువు!" అన్నాడు ఎస్సై. అతని గొంతు మారింది. లాఠీ తీసేశాడు. "ఏయ్, ఇడువు, కాలుతుంది!"

"దాని పని దాన్ని చేస్కోనియ్యి సారు."

సాయవ్వ మొగుడి వంక చూడలేదు. చూస్తే గంటె ఆగుతుంది. మూడో బొట్టు నీళ్ళలో విడిచింది. అది రాయిలా గడ్డకట్టింది. తీసి గిన్నె అంచుకు కొట్టింది. ఠంగుమన్నది.

"ఇడువు ఇగ," అన్నది, మొగుడితో.

అతను చేతులు తీశాడు. ఆమె చాటలో పొడి అంతా నాలోకి గుమ్మరించింది. శొంఠి, మిరియాల ఘాటు భగ్గున లేచింది. ఎస్సై మొహం తిప్పుకొని తుమ్మాడు. గంగాధర్ కళ్ళు తుడుచుకున్నాడు. సాయవ్వ ఇంతసేపూ ఆపిన దగ్గును వదిలేసి, దగ్గుతూనే కలిపింది. భూదవ్వ, ఇంకో ఆమె కట్టెలతో నన్ను దించి, నెయ్యి రాసిన బండ మీద వంచారు. చల్లారే లోపల కత్తితో గళ్ళు గీశారు.

ఎస్సై ఒక బిళ్ళ విరిచి నోట్లో వేసుకున్నాడు. బిళ్ళ కరిగేదాకా నిలబడ్డాడు.

"బిళ్ళలే," అన్నాడు ఆఖరుకు.

తర్వాత లాఠీతో నన్ను తిప్పి చూశాడు. నా బయట, నడుము చుట్టూ ఒక నల్లటి చార ఉంది. కుండ మూతి మీద కూర్చున్న కాలంలో పడ్డది. ఎంత తోమినా పోలేదు.

"గిదేంది?"

భూదవ్వ ఏదో చెప్పబోయింది. ఆశన్న ముందే చెప్పాడు. "సారా కుండ మీద పెట్టిన చార సారు. పాతది. బైండోవర్ కంటె ముందటిది."

ఎస్సై లాఠీ చంకలో పెట్టుకున్నాడు. "కడాయి తీస్కపోత. మనిషిని తీస్కపోను," అన్నాడు. ఉత్తచేతులతో తిరిగిపోతే పైవాళ్ళకు ఏమి చెప్పుకోవాలో పాపం అతనికీ ఉంటుంది.

గంగాధర్ కాగితం రాశాడు. నల్లబెల్లంతో దగ్గుబిళ్ళలు చేసినారు, సారా దొరకలేదు, పాత కడాయి ఒకటి పట్టుకొనడమైనది. ఆశన్నకు సంతకం రాదు. గంగాధర్ సిరా డబ్బా తెరిచి అతని బొటనవేలు పట్టుకున్నాడు. పట్టుకొని ఆగిపోయాడు. తోలు తెల్లగా ఉబ్బి ఉంది.

"అది ఒద్దు. ఇంకో చెయ్యి ఇయ్యి అన్నా."

ఆశన్న రెండో చెయ్యి చాపాడు. అదీ అంతే.

"వేలిముద్ర ఎట్ల సారు?" అని గంగాధర్ ఎస్సైని అడిగాడు.

సాయవ్వ బండ మీంచి పిడికెడు బిళ్ళలు తీసి కాగితంలో చుట్టి గంగాధర్ చేతిలో పెట్టింది. "మీ అవ్వకియ్యి తమ్మీ," అన్నది. తర్వాత ఎస్సై వైపు తిరిగింది. "వేళ్ళు మానినంక రాండ్రి సారు. అప్పుడు వేయిస్త."

ఎస్సై కాగితం మడిచి జేబులో పెట్టుకొని జీపెక్కాడు.

నన్ను వెనక సీటు కింద పడేశారు. స్టేషన్‌కు వచ్చేసరికి చల్లారిపోయాను. కేసు ఏమయిందో నాకు ఎవరూ చెప్పరు. కడాయికి చెప్పే అలవాటు లేదు కదా. ఆశన్నను మాత్రం ఈ స్టేషన్‌కు తేలేదు. తెచ్చి ఉంటే గది కిటికీలోంచి కనబడేవాడు.

ఈ గదిలో చలి ఎక్కువ. నేను పొద్దంతా మంచులా ఉంటాను. ఇప్పుడు నన్ను ఎవరైనా ఉత్తచేతులతో పట్టుకోవచ్చు. ఎవరూ పట్టుకోరు.