తలుపులు తెరుచుకోని అంబాసిడర్

2019 ఫిబ్రవరి రెండో ఆదివారం, ఉదయం ఆరుగంటల పది నిమిషాలు. ఇరవై మూడు డిగ్రీల వేడి, మబ్బు తునకైనా లేని ఆకాశం, సముద్రం మీదినుంచి సన్నని తూర్పుగాలి. మైపాడులో జడ్సన్ పడవల షెడ్డు ముందు సాహిరా తాను చేయించుకున్న ఫైబర్ కారు బాడీ చుట్టూ రెండోసారి తిరిగింది.

"జడ్సన్ అన్నా, తలుపులేవి?"

"అవిగో, గీతలతో సహా దించినా గదా!"

"తెరుచుకోవే!"

"తెరుచుకుంటే నీళ్లు రావా మా?" అనేసి జడ్సన్ నాలుక కరుచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఫైబర్ పడవలు చేస్తున్న చేతులవి. సందు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేవు.

పందెం పదింటికి. సాహిరా తండ్రి బడేసాహెబ్ నెల్లూరులో పేరున్న మెకానిక్. మూతపడిన రొయ్యల కంపెనీ రోడ్డు మీద ఏటా జరిగే ఇంటికార్ల పావుమైలు పందెంలో ఆయన అంబాసిడర్ మొదటినుంచీ ఉంది. మూడేళ్లుగా మాత్రం అన్నిటికన్నా వెనక వస్తోంది. "ఈసారీ ఆఖర్న వస్తే పాత ఇనుము కింద తూకానికి ఏసేస్తా" అని ఆయన తేల్చి చెప్పాడు. సాహిరా స్టీరింగు పట్టడం నేర్చుకున్నది ఆ బండిలోనే. అందుకే దాని ఇనుప బాడీని విప్పించి జడ్సన్ షెడ్డుకు చేర్చి, దాని మీద అచ్చు తీయించి ఈ తేలిక బాడీ చేయించింది.

ఆ పందెంలో కార్లు ఒక్కనాటిలో మారలేదు. తొలి రోజుల్లో పెళ్లికి వెళ్లే కారే పందేనికీ వచ్చేది. వెనక సీటు ఒక్కటే దిగేది. సీటు తీస్తే వేగం పెరుగుతుందని తెలిశాక అద్దాల స్థానంలో ప్లాస్టిక్ రేకులు వచ్చాయి. తర్వాత బానెట్లు పలచబడ్డాయి, వెనక చక్రాలకు పట్టు దొరకాలని ఇంజన్లు వెనక్కి జరిగాయి. ఎవరో తలుపులే ఊడదీసి వస్తే, తలుపులు ఉండి తీరాలని కమిటీ నిబంధన రాసింది. ప్రతి ఉపాయమూ ఒక నిబంధనను కన్నది; ప్రతి నిబంధనా మరో ఉపాయాన్ని కన్నది. చివరికి లోపల గొట్టాల చట్రమూ, పైన ఇంటికారు ముఖమూ మిగిలాయి.

ఇప్పుడు తలుపులు కోస్తే ఆ పలచటి బాడీ నిలవదు. సాహిరా కాసేపు ఆలోచించి, బాడీ మొత్తాన్ని చట్రం వెనకభాగానికి మడతబందులతో బిగించింది. ముందువైపు ఎత్తితే పెట్టె మూతలా లేచింది. కింద ఆనించడానికి జడ్సన్ వెదురుగెడ ఇచ్చాడు.

పందెం రోడ్డు దగ్గర ఆ మూత లేవగానే జనం పగలబడి నవ్వారు. నిరుడు గెలిచిన వెంకటేష్ తన చిన్నకారు మీద చేయి వేసి, "అక్కా, చక్రాలెందుకు దీనికి? తెడ్లు పెట్టుకో!" అన్నాడు.

"పెడితే నువ్వింకా వెనకబడతావులే అబ్బయా!"

కార్లు పరీక్షించే పద్మనాభయ్య సంగం ఊరి రైతు. ఆయన వేలితో బాడీని తట్టి, "అమ్మాయ్, ఇది తెరుచుకోదే?" అన్నాడు.

"తలుపులు ఉండాలన్నారు, ఉండాయి. తెరుచుకోవాలని ఎక్కడుందండీ?"

"నిబంధన సరే. మంటలంటుకుంటే నువ్వెట్టా బయటికొస్తావు? పది లెక్కపెడతా, రా చూద్దాం."

బడేసాహెబ్ బండికి దగ్గరగా జరిగాడు. సాహిరా లోపల కూర్చుంది, మూత దిగింది. పద్మనాభయ్య 'నాలుగు' అనేసరికి ఆమె మూతను తలతో నెట్టుకుంటూ రోడ్డు మీదికి దూకింది.

"నా బండి తలుపుల్లోంచైతే దిగడానికి నాకే పదిహేను పడతాది" అంటూ ఆయన బండి పాసైనట్టు తెల్లచీటీ అంటించాడు.

ఇనుము బరువు వదిలిన అంబాసిడర్ పావుమైలు చివర వెంకటేష్ కారుకన్నా రెండు మూరలు ముందుంది. బడేసాహెబ్ జడ్సన్ భుజం తట్టి, "ఆ పాత ఇనుప బాడీ నీ షెడ్డులోనే ఉండనీ. తూకానికి ఏయబాక" అన్నాడు.

ఆరేళ్ల తర్వాత ఆ పందెంలో పరుగెత్తిన తొమ్మిది కార్లలో ఏడింటి బాడీలు మైపాడులో తయారైనవే. వాటిలో మూడు ఆ ఇనుప బాడీ మీద తీసిన అచ్చులోంచి వచ్చాయి.