మేనమామ గౌను

మా పాండిచ్చేరి తెలుగిళ్ళల్లో మేనమామ పెట్టిన కొత్త బట్ట తొడుక్కుని, మేనమామ ఒళ్ళో కూర్చున్నాకే పిల్లకు చెవులు కుట్టిస్తారు. ఎంత డబ్బున్నవాళ్ళయినా ఆ ఒక్క పూటకి మేనమామను పిలవక తప్పదు. మూడేళ్ళుగా పలకరింపు లేని మా చెల్లెలు వసంత అందుకే ఫోన్ చేసింది.

వసంత ప్రేమించి పెళ్ళి చేసుకుంది. మొగుడు రఘునాథన్‌కి బజారులో పెద్ద పాత్రల కొట్టు. నేనేమో తిరుప్పూరు బనియన్ కంపెనీలో పన్నెండేళ్ళు కుట్టి, ఊరికొచ్చి ఇంట్లోనే మిషను పెట్టుకున్నవాణ్ణి. ఆ ఇంట్లో నాకెంత మర్యాదో వేరే చెప్పాలా?

"అన్నా, మా పాప అనూహ్యకి ఐదేళ్ళు నిండినాయి, చెవులు కుట్టిస్తున్నాం. తాయ్‌మామ సీరు నువ్వే తేవాల, మేనమామ పెట్టే బట్ట కదా. ఏం తెచ్చినా సరే, నువ్వు రా," అంది. ఆ మాటకే పొంగిపోయాను, వెర్రివాణ్ణి.

ఏప్రిల్ ఎండలో పసిపిల్లకు పట్టు కట్టడమంత పాపం లేదు. నాకు తెలిసిన విద్య బనియన్ గుడ్డ. మెత్తని చిలకపచ్చ గుడ్డ తెచ్చి, ఉతికి ఆరేసి, అది ముడుచుకునేదంతా ముడుచుకున్నాకే కత్తెర పెట్టాను. సాగే వైపు ఒంటి చుట్టూ వచ్చేలా కత్తిరించాలి, నిలువుకి పెడితే నాలుగు ఉతుకుల్లో మోకాళ్ళు దాటి వేలాడుతుంది. గుడ్డ పోగులు తెగకుండా మొన గుండ్రంగా ఉండే సూది వేశాను. కుట్టు వంకరటింకరగా వేశాను, గుడ్డతో పాటు అదీ సాగాలి కదా.

అసలు పనంతా మెడ దగ్గరే. అప్పుడే పొడిచిన చెవికి గుడ్డ రాసుకుంటే పిల్ల విలవిల్లాడిపోతుంది. అందుకని రెండు భుజాలూ తెరుచుకునేలా పెట్టి, మూడేసి టిచ్ బటన్లు వేశాను. కాళ్ళ మీదుగా ఎక్కించి భుజాల మీద నొక్కితే చాలు, తల జోలికే పోనక్కర్లేదు. కుట్టడం అయ్యాక లోపలి అంచుకు పసుపు రాసి, నాకు నేనే శభాష్ అనుకున్నాను.

చెవులు కుట్టే రోజు నేను వాళ్ళ మేడ మెట్లెక్కుతుండగానే వసంత ఎదురొచ్చి, సామాన్ల గదిలోకి లాక్కెళ్ళి నా సంచి తెరిచింది.

"ఏంది అన్నా ఇది? బనియన్ గుడ్డా?"

"చెవికి తగలకుండా..."

"అది యాడ చూస్తారు వీళ్ళు? మా అత్త నలుగురి ముందర నన్ను నిలబెట్టి అడుగుద్ది." బీరువా వెనక నుంచి తాంబాళం తీసింది. అందులో ముదురెరుపు పట్టు గౌను, మెడ చుట్టూ జరీ లేసు. "నీ పేరుతో నేనే తెచ్చి పెట్టినా. పట్టుకొచ్చి ఇయ్యి, చాలు. నీకూ గౌరవమే కదా."

ఛీ పొమ్మని అనాల్సింది. అత్త ముందు అది మాట పడకూడదని మెత్తబడ్డాను. సంచి భుజాన వేసుకుని, తాంబాళం పట్టుకుని పందిట్లోకి నడిచాను.

"తాయ్‌మామ బాగానే చేసినాడే!" అంది వసంత అత్తగారు. పిల్లతో, "చూడు పాపా, మీ మామ ఏం తెచ్చినాడో," అని కూడా అంది. సిగ్గు లేదు నాకు, ఆ పొగడ్తకి మొహం వెలిగింది.

పట్టు గౌనులో పిల్ల నా ఒళ్ళో కూర్చుంది. కంసాలి రెండు చెవులూ పొడిచి పోగులు పెట్టాడు. ఏడుపు, చెమట, పైగా ఒళ్ళంతా జరీ గీరుడు. "విప్పు, విప్పు," అని ఒకటే గోల. వెనక జిప్పు సగంలో ఇరుక్కుపోయింది. నేను ఆగమంటున్నా వినకుండా అత్తగారు గౌను పట్టుకుని తల మీదుగా లాగేసింది. లేసు చెవిపోగుకి తగులుకుంది. పిల్ల కేక పెట్టింది, చెవి నుంచి నెత్తురు కారింది.

"ఏమయ్యా వెంకటాద్రీ! టైలరువి కదా. చెవులు కుట్టించే పిల్లకి ఇట్టాంటి ఇరుకు గౌనా తెచ్చేది? ఈ మాత్రం తెలీదా నీకు?" అంది అత్తగారు నాతో.

పందిట్లో అందరూ నా వైపే చూశారు. నేను వసంత వైపు చూశాను. "అది నేను తెచ్చింది" అని తను ఒక్క మాట అంటే సరిపోయేది. వసంత పిల్ల చెవి తుడుస్తూ, తలెత్తకుండా అంది:

"పోనీలే అత్తా. అన్నకేం తెలుసు? అంగట్లో చూపించింది కొనేసినాడు."

నన్ను కాపాడుతున్నాననుకుంది కాబోలు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. నోట్లోంచి "తప్పైపోయింది" అన్న మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

పిల్ల వెక్కుతోంది. ఉండబట్టలేక సంచిలోంచి పచ్చ గౌను తీసి దగ్గరికెళ్ళాను. "రా తల్లీ, ఇది మెత్తగా ఉంటుంది. చెవికి తగలదు."

అనూహ్య వెళ్ళి నాయనమ్మ వెనక దూరింది. "మామ గౌను నాకొద్దు!" అంది, రెండు చెవులూ చేతులతో మూసుకుని.

భోజనాలకు కూర్చోకుండా బయల్దేరాను. వసంత మెట్ల దాకా వచ్చింది.

"అన్నా, ఆ పచ్చ గౌను ఇచ్చి పో. చెవి మానే దాకా అదే తొడగాల."

"ఎవరిచ్చారని చెప్తావు?"

"నేను కొన్నానంటా. అట్లయితేనే తొడుక్కుంటుంది."

అది చెప్పింది నిజమే. గౌను ఇచ్చేసి, భుజం మీద బటన్లు ఎలా విప్పాలో చూపించి మెట్లు దిగాను.