చోలె నీడ ఎదిగిన చలికాలం

తొమాసా పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తుంది. నీలం మొక్కజొన్న పిండి కలిపి, రొట్టెలు చేత్తో తట్టి, ఎనిమిదింటికల్లా కొండదారి మొదట్లో ఉన్న చెక్కల కొట్టు తెరుస్తుంది. సీతాకోకచిలుకల్ని చూడ్డానికి పట్నాల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కేటప్పుడు కాఫీ అడుగుతారు, దిగేటప్పుడు ఆకలికి నకనకలాడుతూ రొట్టెలు అడుగుతారు. వాళ్ళకి అడవిలో దారి చూపించేది ఆమె మొగుడు ఫిదెల్. పద్దెనిమిదేళ్ళుగా అవే మాటలు, అదే గొంతు. "గట్టిగా మాట్లాడకండమ్మా. నవంబరులో వచ్చి మార్చిలో పోతాయి. జంట కట్టకుండా చల్లగా ఉన్నంతకాలం నెలల తరబడి బతుకుతాయి. జంట కట్టి ఎండలోకి ఎగిరాయంటే ఇక కొన్ని వారాలే. ఉత్తరాన గుడ్లు పెట్టి రాలిపోతాయి. మళ్ళీ ఇక్కడికొచ్చేవి వాటి మునిమనవలు." తొమాసాకి ఆ పాఠం నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఫిదెల్ చెప్పనిది ఒకటుంది. మిచోఅకాన్ కొండల్లో అగ్వామాన్సా ఊళ్ళో సీతాకోక ఎవరింటి ముందైనా వాలితే, నేల మీద పడే నీడ మనిషిది. ఆ ఇంట్లో పోయినవాళ్ళది. పట్నం వాళ్ళు తలలెత్తి చెట్లకేసి చూస్తారు గనక ఏ రోజూ గమనించలేదు. ఊరివాళ్ళకి అందులో చెప్పుకోవాల్సిందేముంది? పక్కింటి హొవీతా మామగారి నీడ ఏటా చేతికర్రతోనే దిగుతుంది. "పోయి పదేళ్ళయింది, కర్ర మాత్రం వదల్లేదు ముసలాడు" అని గొణుగుతూనే హొవీతా ఆయన నీడకి అడ్డం రాకుండా బట్టలు ఆరేస్తుంది.

తొమాసా కూతురు సొలేదాద్‌ని అందరూ చోలె అనేవారు. ఏడేళ్ళ పిల్ల. కిందటి ఆగస్టు వానల్లో జ్వరం తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్దామన్నాడు ఫిదెల్. "వాగు పొంగింది, ఈ వానలో పిల్లని తడుపుతావా? రేపు పోదాం" అంది తొమాసా. ఆకుపసరు పోసింది, గుడ్డుతో దిష్టి తీసింది. ఆ మర్నాడూ రేపే అంది. నాలుగో రోజుకి తీసుకెళ్ళడానికి పిల్ల లేదు. మొగుడు పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే తొమాసాకి కాస్త తేలిగ్గా ఉండేది.

పోయినవాళ్ళని తలుచుకునే పండగనాడు, నవంబరు రెండో తారీఖున, గడప మీద ఒక సీతాకోక వాలింది. కింద రెండు జడల నీడ. తొమాసా నేల మీద కూలబడి, ఆ నీడ మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. బెల్లంలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు తెచ్చి పక్కన పెట్టింది. ఆ రోజు నుంచి ఎండ కాసిన ప్రతి మధ్యాహ్నం కొట్టు హొవీతాకి అప్పగించి ఇంటికి పరుగెత్తేది.

పసితనంలో పోయినవాళ్ళ నీడలు చలికాలంలో ఎదుగుతాయి. అదీ ఊళ్ళో అందరూ ఎరిగిందే. క్రిస్మస్ నాటికి చోలె నీడ తల్లి భుజం దాకా వచ్చింది. జనవరి చివరికి తల్లినే దాటేసింది. రెండు జడలు పోయి ఒక్క జడ అయింది. నడకలో ఏదో కొత్త తీరు వచ్చింది. తొమాసా ఎంత మురిసిపోయిందో అంత భయపడింది.

ఫిబ్రవరి ఎండలకి అడవిలో సీతాకోకలు జంటలు కట్టడం మొదలైంది. ఒకనాడు తొమాసా ఇంటికొచ్చేసరికి పెరట్లో చోలె నీడ పక్కన ఇంకో నీడ ఉంది. పొడుగాటి కుర్రాడు, నెత్తిన టోపీ. చోలె జడ విప్పేసి ఉంది.

తొమాసా చీపురు తీసింది. "ఎవడ్రా నువ్వు? ఏడేళ్ళ పిల్లరా అది! పో!" అంటూ నేలని చితకబాదింది. రెండు సీతాకోకలూ లేచి గోడ మీద వాలాయి. ఒకదాని కింది రెక్కల మీద మగవాటికుండే నల్లచుక్కలు ఉన్నాయి.

గోడవతల నుంచి హొవీతా పడీపడీ నవ్వింది. "ఒసే తొమాసా, అల్లుడికి కాఫీ ఇవ్వాలి గానీ చీపురిస్తారుటే? ఆ టోపీ చూస్తే అవతలి కొండ కంచరగాడిదల వాళ్ళబ్బాయిలా ఉన్నాడు. నిరుడు లోయలో పడి పోయాడే, వాడు. మంచి కుటుంబమే!"

"నోరు మూసుకో అక్కా."

"నువ్వు కళ్ళు తెరు. పిల్ల ఎదిగింది. వచ్చే నెల పోతుంది. గుడ్లు పెట్టాలి, పిల్లా జెల్లా..."

"అది ఎక్కడికీ పోదు" అంది తొమాసా.

ఆ సాయంత్రమే చోలెని దోసిట్లో పట్టి అట్టపెట్టెలో పెట్టింది. ఇంటి వెనక, సగం నేలలోకి దిగిన రాతిగదిలో ఆలుగడ్డలు దాస్తారు. మార్చిలో కూడా అక్కడ ఊపిరి పొగలా కనిపిస్తుంది. చల్లగా ఉంటే బతుకుతాయని మొగుడు రోజూ చెప్పేదే కదా! తొమాసాకి చలికాలాన్నే దాచిపెట్టడం తప్ప ఇంకో ఉపాయం తోచలేదు.

మార్చి పంతొమ్మిదిన, సెయింట్ జోసెఫ్ పండగనాడు ఊరు చనిపోయినవాళ్ళని సాగనంపుతుంది. ప్రతి ఇల్లూ వాకిట్లో నేల తవ్వి నీళ్ళు నింపుతుంది. సీతాకోకలు దిగి కడుపారా తాగుతాయి. అవి లేచే వేళకి అందరూ వీపులు తిప్పి నిలబడాలి. వెళ్ళేవాళ్ళ ముఖంలోకి చూస్తే వాళ్ళు ఆగిపోతారని నమ్మకం. ఆ రోజు తొమాసా కూడా తన గుంటలో నీళ్ళు పోసి, అందరితోపాటు గోడకేసి తిరిగి నిలబడింది. వెనక లక్ష రెక్కల చప్పుడు వానలా వచ్చి ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆమె గుంటలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. అంటే చోలె దిగలేదు. అది ఫిదెల్ చూశాడు.

మార్చిలో చలి దొరికే చోటు ఆ ఇంట్లో ఒక్కటే. ఆలుగడ్డల గది తలుపు తీసింది అతనే. వెంట తొమాసా పరుగెత్తుకొచ్చింది. గోడలో సన్నటి చీలిక ఉంది, దాన్లోంచి ఎండ పడుతోంది. పెట్టె మూత తెరిచేసరికి ఉత్తరం గోడ మీద నీడ లేచింది. వీపు వంగిపోయి, సిగ చిన్న కాయంత అయిపోయి, చేతులు వణుకుతున్న ముసలమ్మ నీడ. పెట్టె ఎటు తిప్పినా ఆ నీడ ఉత్తరం గోడనే పట్టుకుని, అరచేతుల్తో దాన్ని తడుముతోంది. రాళ్ళ మధ్య దారి వెతుకుతున్నట్టుంది. తల్లి వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. తొమాసాకి తన తల్లి ఆఖరి రోజులు గుర్తొచ్చాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు ఫిదెల్.

"మూడు వారాలు. రోజూ వదిలేద్దామనే అనుకుంటున్నానయ్యా. రేపు, రేపు అనుకుంటూ..." ఆ మాట నోట్లోంచి రాగానే తొమాసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫిదెల్ పెట్టె మూత మెల్లగా మూశాడు. ఆమె వైపు తిరిగి అన్నాడు. "ఆ రోజు నువ్వు వద్దన్నా పిల్లని భుజాన వేసుకుని నేను వాగు దాటాల్సింది. నువ్వొక్కదానివే మోస్తున్నావు. అందులో సగం నాది."

ఏడు నెలల్లో మొదటిసారి ఆ మాట ఇద్దరి మధ్యకీ వచ్చింది. తొమాసా అతని చొక్కా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు వదిలితే మందని అందుకుంటుందా?" అని అడిగింది.

"ఆ రెక్కలతోనా? మొదటి కొండ కూడా దాటదు."

"అయితే నేను తీసుకెళ్తాను. ఈసారి నేనే తీసుకెళ్తాను."

పెళ్ళయ్యాక తొమాసా మూడో ఊరు దాటింది లేదు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని రెండు రోజులు బస్సుల్లో కూర్చుంది. పైన్ చెట్లు పోయాయి, ముళ్ళ నేల వచ్చింది, ఉక్కపోత మొదలైంది. బస్సు ఆగిన చోటల్లా దిగి, మూత తెరిచి, దూదితో తేనెనీళ్ళు పట్టింది. ఎర్రటి దుమ్ములో ముసలి నీడ ఆమె పక్కనే కూర్చుని అలుపు తీర్చుకునేది. "ఇంకాస్త ఓర్చుకో తల్లీ" అనేది తొమాసా. ఏడేళ్ళ కూతురికీ అదే మాట, ముసలమ్మకీ అదే మాట.

మూడో రోజు పొద్దున, ఉత్తరాన నువొ లెయోన్ రాష్ట్రంలో ఒక నారింజతోట పక్కన, సీతాకోకలు గుడ్లు పెట్టే, తుంచితే పాలు కారే జిల్లేడు జాతి మొక్కలు చిగురేసి కనిపించాయి. తొమాసా బస్సు ఆపించి దిగిపోయింది. పెట్టె తెరిచింది. సీతాకోక చిరిగిన రెక్కల్తో ఎగిరి, మొదటి మొక్క ఆకుకి వేలాడి, పొట్ట కిందికి వంచింది. దుమ్ములో ముసలి నీడ కూడా నడుం వంచి, దేన్నో జాగ్రత్తగా కింద పెట్టి, పక్క మొక్కకి నడిచింది. మధ్యలో ఆగి ఆయాసపడేది. మళ్ళీ వంగేది. తొమాసా వెంట నడుస్తూ చీమల్ని దులిపింది.

అలా మూడు రోజులు. తోట యజమాని దోన్ హెనారో తన పనిముట్ల పాకలో చోటిచ్చాడు. ఎందుకని అడగలేదు. మూడోనాడు మిట్టమధ్యాహ్నం సీతాకోక ఆమె అరచేతిలో రాలింది. అరచెయ్యి ఎండలో పట్టి చూసుకుంది. కింద పడ్డది ఉత్త సీతాకోక నీడే. జడ లేదు, సిగ లేదు. చోలె ఇక రాదు. తొమాసా మొక్కల మధ్య కూర్చుని, పిల్ల పోయిననాడు ఏడవలేని ఏడుపంతా ఏడ్చింది.

దుమ్ము మీద కళ్ళు పడ్డప్పుడు చూసింది. ప్రతి ఆకు నీడలోనూ, ఆవగింజ కన్నా చిన్న గుడ్డు ఉన్న చోట, ముడుచుకు పడుకున్న పసిబిడ్డ నీడ ఒకటి ఉంది. బొటనవేలంత లేదు. నూట ముప్ఫై దాకా లెక్కపెట్టి, తర్వాత లెక్క తప్పింది. కొన్ని నోట్లో వేలు పెట్టుకున్నాయి. ఒకడు మాత్రం అప్పుడే కాళ్ళు తన్నుతున్నాడు.

సాయంత్రం దోన్ హెనారో రోడ్డు మీంచి కేకేశాడు. "అమ్మా, దక్షిణం బస్సొస్తోంది! పని అయిపోయింది కదా, ఆపమంటారా?"

"మీరు పంపించెయ్యండి బాబూ" అంది తొమాసా, కాళ్ళు తన్నుతున్న వాడి మీదకి పాకుతున్న చీమని వేలితో తీసేస్తూ. "మా మనవలు ఇంకా నిద్ర లేవలేదు."