సౌండు అడగలేదుగా వదినా

పక్కగదిలో పాప గుక్కపట్టి ఏడుస్తున్నా తనకు వినబడకపోవడం. కంగారమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. ఆ పేరు పెట్టింది మరిది. ఇంట్లో అందరి నోటా అదే నిలిచిపోయింది.

ముందుగదిలో ఆమె చొక్కాలకు చేతులు కుడుతుంది. కుట్టుమిషను మోటారు మోతకు పాప లేస్తుందని మధ్య తలుపు మూసి ఉంచుతుంది. అందుకే లోపల పాప మంచం దగ్గర చిన్న కెమెరా, ఇక్కడ మిషను పక్కన పాత కంప్యూటరు. రెండూ మరిది అమర్చినవే. అతనిది కంప్యూటర్లు బాగుచేసే కొట్టు.

మొదట అతను ఆ కంప్యూటరుకు వేసిన సిస్టమ్‌లో లేనిదంటూ లేదు. వార్త వస్తే గంట, వాన వచ్చేలా ఉంటే గంట, ఏమీ లేకపోతే ఏమీ లేదని గంట. మోగినప్పుడల్లా పాపేమోనని ఆమె పరుగు. ఆ హడావిడిలో ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టింది.

"దీనికి నోరు మూతపడదా అబ్బాయ్?"

"అయితే బోడిది వేస్తా వదినా. అందులో ఏమీ ఉండదు. మనకేది కావాలో అదే పెట్టుకోవాలి. చెప్పు, ఏం కావాలి?"

"పాప కనబడాలి. అంతే."

అంతే పెట్టాడు. నల్లటి తెర, మధ్యలో పాప.

మర్నాడు ఇల్లు హాయిగా ఉంది. తలెత్తినప్పుడల్లా పాప వీపు కనబడింది, కదులుతోంది. ఆడుకుంటోంది కాబోలు అనుకుంది. ఏడిస్తే వినబడుతుందిగా. కుట్టు చక్కగా సాగింది.

దారం అయిపోతే, ఇంకో కండె కోసం లోపలికి వెళ్ళింది. పాప కాలు మంచం కమ్మీల మధ్య ఇరుక్కుని ఉంది. ముఖం కందిపోయింది. గొంతు బొంగురుపోయి ఏడుపు ఉత్త గాలిలా వస్తోంది.

కాలు మెల్లగా తీసి ఎత్తుకుంది. ఆ పూట మళ్ళీ మిషను ముట్టలేదు.

సాయంత్రం మరిది వచ్చి చూశాడు.

"సౌండు అడగలేదుగా వదినా. అడిగుంటే చిటికెలో పెట్టేవాణ్ణి."

"ముందుదాంట్లో అడక్కుండానే వచ్చిందిగా!"

"అందులో అన్నీ అడక్కుండానే వస్తాయి. అందుకేగా తీసెయ్యమన్నావు?"

"ఉండదని తెలిస్తేగా అడగడానికి!"

అతను ఇంకేదో అనబోయి, పాప కాలిమీది ఎర్రటి గీత చూసి కంప్యూటరు వైపు తిరిగాడు. సౌండు పెట్టాడు.

"ఇప్పుడు లోపలికెళ్ళి ఏడువు," అందామె.

"నేనా?"

"మరి పాపని గిల్లమంటావా? తలుపేసుకుని ఏడువు."

అతను ఏడ్చాడు. ఆమె మిషను నడుపుతూ చెవి ఒగ్గింది.

"సన్నగా ఏడువు! పాప నీలా బర్రె గొంతుతో ఏడవదు!"

వీధిలో పోతున్న ఇద్దరు ఆగి కిటికీలోంచి చూశారు. ఆమె ఒళ్ళో పాప కిలకిలా నవ్వింది. ఏడుపు మాత్రం స్పష్టంగా వినబడింది.

ఇప్పుడా తెరకు ఉన్నవి రెండే, బొమ్మా చప్పుడూ. అయినా చప్పుడు లేనప్పుడల్లా ఆమె మిషను ఆపి, తలుపు తీసి చూసి వస్తుంది.

"వినబడుతోందిగా, ఇంకెందుకు వదినా?"

"వినబడ్డం మానేస్తే ఆ సంగతి నాకెవరు చెప్తారు?"

మీ ఇంట్లోనూ ఏ తలుపు వెనకాలో ఎవరో చప్పుడు లేకుండా ఉండే ఉంటారు. ఇది కాస్త పక్కన పెట్టి, లేచి ఒకసారి చూసి రండి.